విత్తనం ఎవరి పేరున ఉంది?

మా ఇల్లు కొండాపూర్‌లో. హైటెక్ సిటీ కూతవేటు దూరం. ఈమధ్య సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన కందిపప్పు ప్యాకెట్ మీద ‘తాండూరు’ అన్న పేరు కూడబలుక్కుని చదివి, మా ఇంట్లో పనిచేసే అక్క నవ్వింది. ఆమెది తాండూరు దగ్గరి పల్లె. “గిది మా దిక్కు పప్పే గదమ్మా! మా అత్త బతికున్నన్ని రోజులు కంది ఇత్తనం కొన్నదే లేదు. ఇప్పుడు పప్పు గూడ కొనుక్కునుడే” అంది.

విత్తనం ఎలా దాచేవారని అడిగాను. కోతకు ముందే అత్త చేనంతా తిరిగేదట. గట్టు పక్క మొక్కలు వదిలేసి, నడిచేనులో కాయ నిండుగా పట్టిన, తెగులు సోకని చెట్లకు గుడ్డపీలికలు కట్టేదట. వాటిని విడిగా కొట్టి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన గంపలో పోసి, మూతికి మట్టి మెత్తేదట. కందిపూలకు తేనెటీగల వల్ల పక్కచేని పుప్పొడి సోకుతుంది. అంచున ఉన్న మొక్కల్లో కలగలుపు ఎక్కువ. అందుకే నడిచేను. ఇదే పని ప్రయోగశాలలో జరిగితే పరిశోధన అంటున్నాం. జీతం, ప్రమోషన్ ఇస్తున్నాం. అత్త చేస్తే ఇంటిపనిలో కలిపేస్తున్నాం.

తాండూరు అనగానే నగరానికి ముందు గుర్తొచ్చేది నాపరాయి. ఎన్ని ఇళ్ల నేలలు ఆ బండలతో పరుచుకున్నాయో లెక్కలేదు. కందికి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు మీద, వ్యవసాయ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో, 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి నల్లరేగడి నేల, వానమీదే ఆధారపడిన సాగు, పప్పు రుచి, ఇవన్నీ ఆ గుర్తింపుకి ఆధారాలు. సంతోషమే. ఊరి పేరు దొంగిలించి వేరే పప్పు అమ్ముకోకుండా ఇది ఆపగలదు.

కానీ ఈ గుర్తింపు కాపాడేది పేరుని. విత్తనాన్ని కాదు. ఎండుతెగులు, వెర్రితెగులు తట్టుకునే కొత్త రకాలు వచ్చాక రైతులు వాటివైపు మొగ్గారు. అది తప్పని నేననను. పంట పోగొట్టుకుని పాత విత్తనాన్ని కాపాడమని ఎవరినీ అడిగే హక్కు మనకు లేదు. అయితే కొత్త విత్తనం ఇంట్లోకి వచ్చినప్పుడు గంప ఖాళీ అయింది. గంపతోపాటు, ఏ గింజ ఉంచాలో ఏది వండాలో తేల్చే అధికారం కూడా ఆడవాళ్ల చేతి నుంచి జారింది. విత్తనాల దుకాణానికి వెళ్లేది, అప్పు రాసేది, బేరమాడేది ఎక్కువగా మగవాళ్లే. ఈ బదిలీని ఏ రిజిస్టరూ నమోదు చేయలేదు.

“పొలం ఎవరి పేరున ఉంది?” అని అక్కని అడిగాను. “ఇంకెవరి పేరున ఉంటది? మా ఆయన పేరు మీదనే” అంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 నుంచి హిందూ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టంలో ఉంది. ఆమె పుట్టింటివారు దాని ఊసే ఎత్తలేదట. 2018లో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టా ఉన్నవారికే అందింది. పట్టా లేని ఆడమనిషి తరాల తరబడి దుక్కి తప్ప అన్ని పనులూ చేసినా, ప్రభుత్వం దృష్టిలో రైతు కాదు, ‘రైతు భార్య’.

ఇక్కడ మనం మరిచిపోతున్న చట్టం ఒకటుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతు అంటే భూమి దున్నేవారు మాత్రమే అనలేదు. సంప్రదాయ రకాలను ఒంటరిగా గానీ మరొకరితో కలిసి గానీ కాపాడేవారిని, మంచి గుణాలు గుర్తించి ఎంపిక చేయడం ద్వారా వాటి విలువ పెంచేవారిని కూడా రైతు అంది. పట్టా అడగలేదు. ఆ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అలా కాపాడినవారు జన్యు నిధి నుంచి గుర్తింపుకి, పురస్కారానికి అర్హులు. అంటే గుడ్డపీలిక కట్టిన ఆ అత్త చట్టం ప్రకారం అచ్చమైన రైతు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనమూ చెప్పలేదు.

జహీరాబాద్ ప్రాంతంలో ఇందుకు భిన్నమైన చరిత్ర ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టూ ఏర్పడిన సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. విత్తనం తీసుకున్నవాళ్లు పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వాలి. జొన్న, కొర్రలతో పాటు కంది, అనుములు, ఉలవలు ఒకే చేలో కలిపి వేస్తారు. 2008లో సంఘం రేడియో వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ మహిళా సంఘాల పేరునే వచ్చింది. తేడా నేలలో లేదు. అక్కడ విత్తనంతోపాటు సంఘం కూడా ఆడవాళ్ల చేతిలో ఉంది.

2016లో జిల్లాలు విడిపోయేదాకా తాండూరు, మాదాపూర్ ఒకే రంగారెడ్డి జిల్లా. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ పక్క భూమికి చదరపు గజాల లెక్కలో విలువ వచ్చింది. నేను యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో కొత్తగూడ దాటితే అక్కడక్కడా జొన్నచేలు కనిపించేవి. ఇవాళ ఆ పక్క పల్లెల ఆడవాళ్లు ఈ టవర్లలో నేల తుడుస్తున్నారు, అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతున్నారు. ఇక్కడికి దగ్గరే పటాన్‌చెరులో ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది నమూనాలు చలిగదుల్లో భద్రంగా ఉన్నాయి. విత్తనానికి చలిగది దొరికింది. దాన్ని దాచినామెకు అద్దె ఇల్లు దొరకడమే కష్టంగా ఉంది.

గ్రామాల్లో పనిచేస్తున్న సంఘాలు నాలుగు పనులు చేపట్టాలని నా ప్రతిపాదన. తాండూరు చుట్టుపక్కల విత్తనం దాచిన స్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల పేర్లు, పద్ధతులు వాళ్ల మాటల్లోనే, వాళ్ల అనుమతితో నమోదు చేయాలి. ఆ నమోదు ఆధారంగా 2001 చట్టం కింద గుర్తింపు కోసం దరఖాస్తులు పెట్టించాలి. ఉత్పత్తిదారుల కంపెనీల్లో పట్టాతో నిమిత్తం లేకుండా సాగుచేసే స్త్రీలకు సభ్యత్వం, డైరెక్టర్ల బోర్డులో చోటు అడగాలి. జన్యు బ్యాంకుల్లోని పాత రకాలు ఊరి విత్తన బ్యాంకులకు తిరిగి చేరే దారి అడగాలి.

ఈ మాటలన్నీ అక్కతో చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, “పేరు రాస్తే రాసుకోన్రి గనీ, గా ఇత్తనం దొరికితే నాకు సోలెడు తెచ్చియ్యిన్రి. మా చెల్లె చేన్ల ఏస్త” అంది. మన పని అక్కడి నుంచే మొదలవ్వాలేమో.