చెరగని పద్దు, నిజమైన లెక్క

మన పెబ్బేరు హైదరాబాదు రాజ్యములో నుండిన దినములలో, తుంగభద్ర కావలి కర్నూలుతో బేరసారములు సాగించు వర్తకుఁడు రెండు విధములగు రూపాయలను లెక్కింపవలసి యుండెను. ఇచట నిజాము ప్రభుత్వమువారి హాలీ సిక్కా, అచట కల్దారు. 100 కల్దారు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు సర్కారు మారకము. ఏ నాణెమో తెలుపక వ్రాసిన పద్దు నమ్మఁదగినది కాదు. 1948లో ఆ రాజ్యము భారతదేశమునఁ గలసిన పిదప హాలీ సిక్కా క్రమముగా రద్దయ్యెను. లెక్కలు వ్రాయువారి చిక్కొకటి తీరెను.

నేఁడు అట్టి చిక్కే మఱియొక రూపమున వచ్చినది. పై తరగతులలో కామర్సు చదువఁగోరు మా విద్యార్థులును, త్వరగా ధనము గడింపవచ్చునని వినిన తలిదండ్రులును క్రిప్టోకరెన్సీని గూర్చి మమ్మడుగుచున్నారు. 2009లో మొదలైన బిట్‌కాయినునకు ఏ ప్రభుత్వముద్రయు లేదు. నాణెము ఎచటనుండి ఎచటికి చేరెనో బ్లాక్‌చైన్ అను ఒక్క ఉమ్మడి పుస్తకమున నెక్కును. దాని ప్రతులు లోకమంతట వేలకొలఁది కంప్యూటర్లలో నుండును గనుక పాత పద్దును దిద్దుట మిక్కిలి దుర్ఘటము. దీనిని జూచి, ఇఁక ఆడిటర్లతో పనిలేదని కొందఱు వాదించుచున్నారు. ఆ వాదము పొరపాటని మా యభిప్రాయము.

మొదట, ఈ నాణెమును లెక్కలలో ఎచట వ్రాయవలయునో చూడుఁడు. అంతర్జాతీయ లెక్కల ప్రమాణములను వివరించు సంఘము 2019 జూనులో, ఇది నగదు కాదనియు, వ్యాపారమున అమ్మకమునకై ఉంచుకొన్నచో సరకనియు, తక్కిన యెడల పేటెంటువలె చేతికందని ఆస్తియనియు నిర్ణయించెను. అమెరికాలోని నిబంధనవలన ఒక వింత పుట్టెను. 1,00,000కు కొన్నది 60,000కు పడినచో నష్టము వ్రాయవలయును. తరువాత 1,50,000కు పెరిగినను పుస్తకమున 60,000 మాత్రమే నిలుచును. 2023 డిసెంబరులో అచటి ప్రమాణసంఘము దీనిని మార్చి, బజారు ధరనే వ్రాయవలయునని విధించెను. అయినను, ఆదివారమును మూయని ఈ వ్యాపారమున ఏ బజారు ధరను, ఏ గడియ ధరను గైకొనవలయు నను ప్రశ్న పరిశోధకులకు పని కల్పించుచున్నది. మన దేశమున కంపెనీలు 2021 ఏప్రిల్ 1 నుండి తమ క్రిప్టో నిలువలను, లాభనష్టములను వేఱుగా తెలుపవలయును. 2022లో లాభముపై నూటికి 30 పన్ను విధింపఁబడెను. ఒక నాణెమున వచ్చిన నష్టమును వేఱొకదాని లాభమునుండి తీసివేయరాదు.

ఉమ్మడి పుస్తకము చేయు మేలును మేము కాదనము. నాణెము ఉన్నదా లేదా యని ఆడిటరు స్వయముగా చూచుకొనవచ్చును. కాని అది యెవరిది, ఆ యజమానికి అప్పులెంత యను సంగతి ఆ పుస్తకము చెప్పదు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అను క్రిప్టో మారకపు సంస్థ దివాలా తీసెను. ఖాతాదారుల సొమ్ము అనుబంధ సంస్థకు మరలింపఁబడినదని తేలెను. దాని స్థాపకుఁడు 2023 నవంబరులో మోసనేరమున దోషిగా నిర్ణయింపఁబడెను. ఇందుకై బ్లాక్‌చైనులో ఒక్క పద్దును చెరుపవలసిన పని కలుగలేదు. చెడినది సంస్థ తన యింట వ్రాసికొన్న లెక్క.

కావున తలిదండ్రులారా, లాభమెంత యని అడుగుటకు ముందు, మా సొమ్ము ఎవరి స్వాధీనమున నుండును, మీ లెక్కలను ఎవరు తనిఖీ చేయుదురు అని అడుగుఁడు. విద్యార్థులారా, అన్నియు కంప్యూటరే చూచుకొనునని జమాఖర్చు పాఠమును విడువకుఁడు. చెరగని సిరాతో వ్రాసినంత మాత్రమున అబద్ధము నిజము గాదు. ఏది వ్రాసినను నిజముగ వ్రాయు లేఖకులును, దానిని నిర్భయముగ పరీక్షించు ఆడిటర్లును మున్ముందు మఱింత కావలయును. వారు మీలోనుండియే రావలయునని మా కోరిక.