ఇల్లు సింపుల్ అయిందా, ఇంకొకరి నెత్తికెక్కిందా?

వారానికోసారైనా మా ఆఫీసు గ్రూపులో ఎవరో ఒకరు "ఇంట్లో జీవితాన్ని సులువు చేసుకోవడానికి పది చిట్కాలు" అని ఒక చిట్టా పంపిస్తారు. పాత బట్టలు ఇచ్చెయ్యండి, ఆదివారమే వారానికి సరిపడా కూరగాయలు తరిగి పెట్టుకోండి, సరుకులు యాప్‌లో తెప్పించుకోండి, ఏ వస్తువు చోటులో ఆ వస్తువు పెట్టుకోండి... కింద వరసగా బొటనవేళ్ళు, చప్పట్లు. కొట్టేది ఎక్కువగా మగమహారాజులే. (నేనూ కొట్టిన బాపతే, కాబట్టి ఎవరూ నొచ్చుకోకండి.)

నాకు ఈ చిట్టాల మీద ఒకటే కంప్లైంటు. అందులో ఒక్క వాక్యానికీ కర్త ఉండడు. తరిగి పెట్టుకోవాలి, సరే, ఎవరు తరగాలి? ఏ వస్తువు చోటులో ఆ వస్తువు ఉండాలి, సరే, ఎవరు పెట్టాలి? తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది. ఇంట్లో కర్త లేకుండా గ్లాసు కూడా కదలదు.

మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, మన సర్వర్ మీద లోడు ఎక్కువైందని రిక్వెస్టులన్నీ పక్క సర్వరుకి మళ్ళించి, మన గ్రాఫు ఒక్కటే చూసుకుని "ఆహా, సిస్టమ్ ఎంత సింపుల్ అయిందో" అని మురిసిపోతే ఎవరైనా ఊరుకుంటారా? ఇంట్లో మనం చేస్తున్నది అచ్చంగా అదే. ఇంట్లో మొత్తం పని తగ్గితేనే ఇల్లు సులువైనట్టు. పని చేతులు మారితే మనం తప్పించుకున్నట్టు, అంతే. ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఈ జ్ఞానం నాకు పుస్తకాలు చదివి రాలేదు. మాది వడమాలపేట. తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా చెన్నై పోయే రోడ్డు మీద ఉంటుంది. (2022లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాలోకి వచ్చాం, అమ్మ మాత్రం ఇంకా చిత్తూరు జిల్లా అనే అంటుంది.) 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే బెంగళూరులో గది ఖాళీ చేసి ఊరికొచ్చేశాను. దాదాపు ఏడాదిన్నర అక్కడినుంచే పని. ఆ రోజుల్లో నా అంత మినిమలిస్టు ఇంకోడు లేడు. నాలుగు టీషర్టులు, ఒక లాప్‌టాప్, ఒక కుర్చీ. పొద్దున స్టాండప్ కాల్‌లో ఉంటే పక్కన కాఫీ వచ్చేది. మధ్యాహ్నం మీటింగు మ్యూట్‌లో పెడితే సంగటి, ఊరిబిండి వచ్చేవి. టీషర్టు విప్పిన చోట మాయమై, బీరువాలో మడతపెట్టి ప్రత్యక్షమయ్యేది. "తక్కువ వస్తువులతో ఎంత హాయిగా బతకొచ్చో" అని స్నేహితులకి లెక్చర్లు కూడా ఇచ్చాను, సిగ్గు లేకుండా.

2023లో అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ జారిపడింది. కుడిచెయ్యి మణికట్టు విరిగింది. తిరుపతిలో ఎక్స్‌రే తీయించాం, ఎంత చెప్పినా వినకుండా పుత్తూరు కట్టే కట్టించుకుంటానంది. కట్టు తడవకూడదు, చెయ్యి కదపకూడదు. మా నాయనకి స్టవ్ వెలిగించడం కూడా రాదు. లాప్‌టాప్ పట్టుకుని మూడు వారాలకని ఊరికి పోయాను.

వెళ్ళిన రోజే ప్రాజెక్టు ప్లాన్ చేసినట్టు అమ్మ పనుల చిట్టా రాశాను. వంట, బోకులు, బట్టలు, కసువు ఊడ్చడం. నాలుగు. ఇంతేగా అనుకున్నాను. మూడోరోజుకి ఆ చిట్టా ముప్పై ఒకటికి చేరింది. రాత్రి పాలకి తోడు వెయ్యాలి. రేపటి దోసెపిండికి ఈరోజే బియ్యం నానెయ్యాలి. కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో కనిపెట్టి పట్టుకోవాలి. సిలిండర్ ఇంకెన్ని రోజులొస్తుందో అంచనా వెయ్యాలి. నాయన బీపీ మాత్రలు అయిపోయేలోగా తెప్పించాలి. పాల లెక్క, అంగడి లెక్క, చుట్టాలింట్లో పెళ్ళికి చదివింపుల లెక్క. సగానికి సగం చేత్తో చేసేవి కావు, గుర్తుపెట్టుకునేవి. ఇన్నేళ్ళూ అవన్నీ అమ్మ తలలో క్రాన్ జాబ్స్‌లా తిరుగుతున్నాయి. డాక్యుమెంటేషన్ లేదు, బ్యాకప్ లేదు. ఇప్పుడు సర్వరే కింద పడింది.

"ఇన్ని పనులున్నాయని ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాను.

"ఎవురన్నా అడిగితే కదరా చెప్పేది" అంది. తర్వాత ఇంకో మాట అంది. "కట్టెల పొయ్యప్పుడు పొగకి కండ్లు పోయేవి, నిజమే. కానీ ఒక తూరి సంగటి గెలికితే అందరూ ఒకేసారి కూసోని తినేవోళ్ళు. మళ్ళా పొయ్యి ముట్టియ్యమని అడిగే ధైర్యం ఎవురికీ లేదు. గ్యాసొచ్చినాక ఒకరికి ఇప్పుడు దోస, ఇంకొకరికి ఇంకో గంటకి టీ."

మా ఇంటికి గ్యాసు దీపం పథకంలో వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాల ఆడవాళ్ళకి కనెక్షన్లు ఇచ్చిన పథకం అది. మంచి పథకమే, పొగ పోయింది, కట్టెలు మోసే బాధ తప్పింది. ఆ మిగిలిన టైముని మాత్రం మేమంతా కలిసి తినేశాం, వేడివేడిగా. తప్పు గ్యాసుది కాదు, మా అలవాట్లది.

అమ్మ చెప్పిన ఈ విషయాన్నే 1983లో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి "మోర్ వర్క్ ఫర్ మదర్" అని పుస్తకంగా రాసింది. పొయ్యిలు, పిండిమిల్లులు, వాషింగ్ మెషీన్లు వచ్చాక కట్టెలు కొట్టడం, గింజలు దంచడం లాంటి మగవాళ్ళ పనులు, పిల్లల పనులు పోయాయి. తల్లి పని పోలేదు. మెషీన్ వచ్చింది కాబట్టి బట్టలు ఇంకా తరచుగా మార్చడం మొదలైంది.

ఇదంతా సెంటిమెంటు అంటారేమో, అంకెలు చూడండి. మన కేంద్ర గణాంక శాఖ వాళ్ళ టైమ్ యూజ్ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు (చెయ్యనివాళ్ళు ఈ సగటులోకే రారు, గమనించగలరు). 2024 సర్వేలో 289, 88. అయిదేళ్ళలో ఎన్ని యాప్‌లు, ఎన్ని పది నిమిషాల డెలివరీలు వచ్చాయి! ఆడవాళ్ళకి తగ్గింది పది నిమిషాలు. మనకీ తొమ్మిది తగ్గాయి, మనం తక్కువ తిన్నామా :)

"డబ్బులున్నాయి, పనిమనిషిని పెట్టుకుంటాం, నీకేంటి నొప్పి?" అంటారు కొందరు. పెట్టుకోండి. మంచి జీతమివ్వండి, సెలవులివ్వండి. కానీ ఆమె రాని రోజు మెసేజ్ ఎవరి ఫోనుకి వస్తుంది? ఆఫీసులో మనుషుల్ని నడిపించేవాడికి మనకంటే ఎక్కువ జీతమిస్తారు, ఇంట్లో అదే పని లెక్కలోకే రాదు.

రెండో రకం మంచివాళ్ళు. "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అంటారు. నేను ఈ రకమే. పెళ్ళైన కొత్తల్లో ఈ మాట మా ఆవిడతో గర్వంగా అన్నాను. తనూ ఇదే ఫీల్డు, నాకంటే పెద్ద టీములో చేస్తుంది. "చెప్పడం కూడా నా పనే అయితే నాకు తగ్గిందేంటి?" అంది. ఆ రోజు బాగా పోట్లాడుకున్నాం, రెండు రోజులు మాటల్లేవు. జవాబు వెతికాను, దొరకలేదు. అప్పుడే అమ్మ చిట్టా బయటికి తీశాను.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్నవి నాలుగు అలవాట్లు. సరుకులు, గ్యాసు, నీళ్ళు మొదట్నించి చివరిదాకా నావి. గుర్తుపెట్టుకోవడం కూడా నాదే, తను నాకు గుర్తుచెయ్యదు. రాత్రి ఎనిమిదిన్నరకి ఒకటే వంట, ఒకటే వేళ. కాల్ ఉండి లేటైతే చల్లారిందే తినాలి. ఎవరి కంచం వాళ్ళే కడగాలి, వచ్చింది మా మామగారైనా సరే (ఇది అమలు చెయ్యడం కష్టమైంది). కొత్త మెషీన్ వస్తే కొత్త కోరికలు కోరకూడదు.

బ్రహ్మాండంగా నడుస్తోందని అబద్ధం చెప్పను. మొదటి సంక్రాంతికే సిలిండర్ బుక్ చెయ్యడం మర్చిపోయాను. పండగ పొద్దున పొంగలి సగం ఉడుకుతుండగా గ్యాసైపోయింది. తను ఏమీ అనలేదు, నావైపు చూసింది. పక్కింటికి గిన్నె పట్టుకుని పోయి అడుక్కున్నది నేనే. ఆ తర్వాత ఇంతవరకూ మర్చిపోలేదు. పాతికేళ్ళు అమ్మ ఇలాంటి ఒక్క పొద్దుటిని కూడా మాదాకా రానివ్వలేదని ఆ గిన్నె పట్టుకుని నిలబడ్డప్పుడు తట్టింది.

అమ్మ చెయ్యి బాగైంది, బరువెత్తితే మాత్రం నొప్పంటుంది. నాయన ఇప్పుడు టీ ఆయనే పెట్టుకుంటాడు, అమ్మకీ ఇస్తాడు. చక్కెర మరీ ఎక్కువేస్తాడని ఫోన్లో ఫిర్యాదు.

ఇంకోసారి గ్రూపులో పది చిట్కాలు పంపేముందు ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో పనులన్నీ ఎవర్నీ అడక్కుండా మీరే ఒక కాగితం మీద రాయండి. తర్వాత దాన్ని మీ అమ్మకో, మీ ఆవిడకో ఇవ్వండి. వాళ్ళు ఇంకెన్ని కలిపారో కింద వ్యాఖ్యల్లో చెప్పండి. నాది నాలుగు, ముప్పై ఒకటి. మీది?