షట్టరు మొరాయిస్తే మోటారును ఉరితీయకండి

మన పశ్చిమ గోదావరి నాట కొన్నేళ్ళుగా ఒక తీర్పు చెలామణీ అవుతోంది. దుకాణం షట్టరు లేవదు: "మోటారు పోయిందండీ, మార్చెయ్యాలి." కారుషెడ్డు తలుపు సగంలో ఆగుతుంది: "మోటారు పోయిందండీ." రిమోటు నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు: మళ్ళీ అదే మాట. సాక్షి లేడు, విచారణ లేదు, శిక్ష మాత్రం ఖాయం. ఏలూరు పవరుపేట నుంచి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దాకా, అక్కణ్ణుంచి కొల్లేటి చుట్టూ ఉన్న ఆకివీడు, కైకలూరు చేపల షెడ్ల దాకా ఇదే న్యాయశాస్త్రం. 2022లో జిల్లాలు విడిపోయి ఏలూరు ఒకటీ గూడెం ఒకటీ అయ్యాయి గాని, ఈ తీర్పు మాత్రం రెండు జిల్లాలకూ ఉమ్మడి ఆస్తిగా మిగిలింది.

ఈ తీర్పు తప్పు. తప్పు మాత్రమే కాదు, ప్రమాదకరం కూడా. ఈ టపా ఉద్దేశం అది నిరూపించడమే.

కవిత్వమూ కథలూ చర్చించుకునే చోట షట్టర్ల గోల ఏమిటని కనుబొమలు ఎగరేసే మిత్రులుంటారు. వారికి ఒక్క మనవి. గడపను లక్ష్మి అంటాం. ద్వారానికి తోరణం కడతాం, గుమ్మానికి పసుపు రాస్తాం. అంతటి గౌరవమిచ్చిన గడప మీదికి రోజుకు నాలుగుసార్లు మణుగుల కొద్దీ ఇనుము దిగుతూ ఉంటే, అది ఎందుకు దిగుతోందో, ఎందుకు ఆగుతోందో తెలుసుకోవడం సాహిత్యానికి అపచారం కాదని నా నమ్మకం.

అసలు సంగతికి వస్తాను. షట్టరంటే వంపు తిరిగిన రేకు పట్టీలు ఒకదానిలో ఒకటి కొక్కేల్లా ఇమిడి ఏర్పడిన తెర. ఆ తెర పైనున్న గొట్టానికి చుట్టుకుంటుంది. మామూలు దుకాణాల షట్టర్లలో ఆ గొట్టంలోపల చుట్ట స్ప్రింగులుంటాయి. తెర కిందికి దిగుతున్నకొద్దీ స్ప్రింగు బిగుసుకుంటుంది; మనం ఎత్తేటప్పుడు ఆ బిగువు బరువులో ఎక్కువ భాగాన్ని తాను మోస్తుంది. అరవై ఏళ్ళ కిరాణా వర్తకుడు ఒంటిచేత్తో అంత తలుపునూ లేపగలిగేది అందుకే. అమెరికాలో ఉన్న మిత్రుల గ్యారేజీ తలుపు ఆకారం వేరు. అది పలకలు పలకలుగా మడిచి, పట్టాల మీద ఇంటికప్పు కిందికి జారుతుంది. సూత్రం మాత్రం ఇదే: తలుపు మీది అడ్డకడ్డీకి చుట్టిన స్ప్రింగే బరువు మోస్తుంది. మోటారు చేసేది తూకంలో ఉన్న తలుపును ఇటో అటో నెట్టడం మాత్రమే.

కాబట్టి తలుపు మొరాయించినప్పుడు మొదట విచారించవలసింది తూకాన్ని. తలుపు పూర్తిగా కిందికి దిగి ఉండగా, కరెంటు ఆపి, మోటారు పట్టును విడదీయాలి. అప్పుడు చేత్తో మెల్లగా సగం దాకా ఎత్తి, చేతులు దగ్గరే ఉంచుకుని పట్టు సడలించి చూడాలి. కింద ఎవరూ ఉండకూడదు. ఉన్నచోటే నిలిస్తే తూకం సరిగా ఉన్నట్టు. కిందికి జారిపోతే స్ప్రింగు సడలిందో తెగిందో అన్నమాట. పైకి ఎగబాకితే అతిగా బిగించారన్నమాట. సగానికి ఎత్తడానికే ఇద్దరు మనుషులు కావలసివస్తే, ఆ బరువును నెలల తరబడి ఒంటరిగా లాగిన మోటారుది నేరమా, త్యాగమా? స్ప్రింగు సడలిన తలుపుకు కొత్త మోటారు బిగించడమంటే, గూడు జారిన భుజానికి కొత్త చొక్కా తొడగడమే. ఆ కొత్త మోటారూ అదే బరువు లాగి అదే దారి పడుతుంది. మళ్ళీ తీర్పు, మళ్ళీ బిల్లు.

తూకం సరిగానే ఉన్నా తలుపు బిగిస్తోందంటే చూడవలసింది పక్క చానళ్ళను. కొల్లేటి గాలిలో తేమ ఎంతో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. చేపల షెడ్లలో నేల ఆరే రోజుండదు. ఐసు ఫ్యాక్టరీలలో ఉప్పునీరు తోడవుతుంది. చానలు అడుగున తుప్పు పేరుకుంటుంది, పట్టీల అంచులు వంకరపోతాయి, తెర ఒకవైపు ఎక్కువగానూ మరోవైపు తక్కువగానూ లేస్తుంది. దీనికి మందు తుప్పు గీకడం, వంకరపోయిన పట్టీ ఒక్కటీ మార్చడం, పలుచని నూనె రాయడం. బేరింగులకూ గొలుసుకూ పట్టించే చిక్కటి గ్రీజును చానళ్ళలో కూరితే మేలుకన్నా కీడే ఎక్కువ. దానికి ధూళీ ఊకా అంటుకుని సానరాయిలా తయారవుతుంది. రైసు మిల్లు ఉన్న ఊళ్ళో ఆ ముచ్చట ఎంత త్వరగా తీరుతుందో ఊహించుకోండి.

మీట నొక్కితే మోటారు "మ్మ్‌" అని మూలిగి కదలకపోతే? ఒంటి ఫేజు మోటార్లలో ఇది తరచుగా కెపాసిటరు జబ్బు. మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా అది. మోటారు ధరతో పోలిస్తే దాని ధర ఎంత? వోల్టేజి పడిపోయినా ఇదే మూలుగు వినబడుతుంది. (కరెంటు తీసేశాక కూడా కెపాసిటరు చురక పెట్టగలదు కాబట్టి అది తెలిసినవాడి పనే.) కొన్నిసార్లు మోటారు హాయిగా తిరుగుతూనే ఉంటుంది గాని తలుపు కదలదు. గ్యారేజీ తలుపు యంత్రాలలో దీనికి తరచు కారణం లోపలి ప్లాస్టిక్ గేరు పళ్ళు అరిగిపోవడం. మార్చవలసింది గేరును, యంత్రాన్ని కాదు. పండుగ సీజనులో వరుసగా పదిసార్లు ఎత్తి దించితే మోటారు వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. అది చావు కాదు, ఆత్మరక్షణ. కాసేపు చల్లారనిస్తే లేస్తుంది. ఈలోగానే మెకానిక్కు ఫోను వెళ్ళిపోతుంది.

తలుపు నేలకు జానెడు ఎత్తులో ఆగిపోతే, లేదా నేలను తాకి మళ్ళీ వెనక్కి లేస్తే, ఎక్కడ ఆగాలో చెప్పే లిమిట్ స్విచ్ దారి తప్పిందని అర్థం. స్క్రూ తిప్పి సవరించే పని. దిగుతూ దిగుతూ హఠాత్తుగా వెనక్కి మళ్ళితే గుమ్మానికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న సెన్సారు కళ్ళను చూడాలి. ఒకదానికి సాలెగూడు పట్టి ఉండవచ్చు, ఎవరి కాలో తగిలి పక్కకు తిరిగి ఉండవచ్చు, సాయంత్రపు ఎండ సూటిగా పడుతూ ఉండవచ్చు. గుడ్డతో తుడిచి ఎదురెదురుగా సర్దితే సరిపోయే జబ్బు ఇది. ఇక రిమోటు సంగతి. గోడ మీటతో తలుపు లేచి రిమోటుతో లేవకపోతే మోటారు నిర్దోషి అని అక్కడికక్కడే తేలిపోయింది. బిళ్ళ బ్యాటరీ మార్చాలి, లేదా రిమోటును యంత్రానికి మళ్ళీ పరిచయం చేయాలి. పరీక్షకు పట్టే సమయం అరనిమిషం.

రిమోటు ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఎప్పుడూ ఒకే సంకేతం పంపే పాతరకం రిమోట్లు తాళంచెవులు కావు, తాళంచెవి బొమ్మలు. 2015లో సామీ కామ్కార్ అనే భద్రతా పరిశోధకుడు ఒక పిల్లల ఆటవస్తువును సవరించి అటువంటి గ్యారేజీ తలుపులను పదిసెకన్లలోపే తెరిచి చూపించాడు. నొక్కిన ప్రతిసారీ సంకేతం మారే రిమోటు ఉందా లేదా అని కొనేముందు అడిగేవారు మనలో ఎందరు?

"ఇదంతా బాగానే ఉంది, మెకానిక్కులే మోసగాళ్ళు కదా" అని తేల్చేసే మిత్రులతోనే నా అసలు తగువు. మోసగాళ్ళు లేరనను. కాని ఒక్కసారి మన బేరాలు తలచుకోండి. కొత్త మోటారు బిల్లు మీద కంపెనీ పేరూ గ్యారంటీ కాగితమూ ఉంటే కిక్కురుమనకుండా కడతాం. అదే మనిషి గంటసేపు నిచ్చెన మీద నిలబడి, చెమటోడ్చి, స్ప్రింగు బిగించి, లిమిట్ సరిచేసి కూలి అడిగితే, "వస్తువేమీ వెయ్యలేదుగా, అంతెందుకయ్యా?" అంటాం. వస్తువుకు వెల ఉంది, విద్యకు లేదు. జబ్బు కనిపెట్టినందుకు పస్తు, అవయవం మార్చినందుకు కమీషను. ఈ ఏర్పాటులో ఏ వైద్యుడైనా ఏం నేర్చుకుంటాడు? "మార్చెయ్యాలండీ" అనే మంత్రాన్ని అతని నోట పెట్టింది మనమే. పాతపద్ధతిలో స్ప్రింగు చుట్టగలిగిన చేతులు మన ఊళ్ళలో తగ్గిపోతే ఆ పాపంలో సింహభాగం మనది.

రెండో వాదం: "మోటారు వచ్చాక ఇంకా ఆ చేతిగొలుసు ఎందుకు? వేలాడుతూ అసహ్యంగా ఉంటుంది, పీకించేశాం." ఇది సౌందర్యదృష్టి కాదు, ఆత్మహత్యాసదృశం. మనది తుపాన్ల తీరం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటిందంటే అది దూరదేశపు వార్త కాదు. తుపాను రోజున మొట్టమొదట పోయేది కరెంటు. నీళ్ళు లోపలికి వస్తున్నప్పుడు, లేదా షార్టుసర్క్యూటై లోపల పొగ కమ్ముతున్నప్పుడు, షట్టరు వెనక ఉన్నవాడికి ఆ "అసహ్యపు" గొలుసే ప్రాణదాత. కాలిఫోర్నియాలో 2017 కార్చిచ్చులప్పుడు కరెంటు పోయి, గ్యారేజీ తలుపులు తెరవలేక చిక్కుకుపోయినవారున్నారు; ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఆ తరువాతే అక్కడ చట్టం చేసి, 2019 జులై 1 నుంచి కొత్త యంత్రాలన్నిటికీ బ్యాటరీ తోడు ఉండాలన్నారు. మనకు అంత చట్టం అక్కరలేదు; ఉన్న గొలుసు పీకకపోతే చాలు.

మూడో వాదం: "సెన్సార్లు డబ్బున్నవాళ్ళ వేషాలు." తలుపుల కింద పిల్లలు నలిగి మరణించిన తరువాతే అమెరికాలో చట్టం వచ్చింది: 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇళ్ళ గ్యారేజీ యంత్రాలకు అడ్డు తగిలితే వెనక్కి మళ్ళే ఏర్పాటుతో పాటు, కంటి సెన్సారో దానికి సమానమైన మరో రక్షణో ఉండితీరాలని. మనదగ్గర అది ఇంకా "కావాలంటే వేస్తాం, అదనం" అనే జాబితాలో ఉంది. పైగా మాటిమాటికీ తలుపు వెనక్కి మళ్ళుతోందని విసుగెత్తి, సెన్సారు తీగలు కలిపేసి దాని కళ్ళు మూయించే ఘనులూ ఉన్నారు. కుక్క మొరుగుతోందని కుక్కను చంపి దొంగను పిలిచినట్టుంది.

ఒక మినహాయింపు చెప్పకపోతే నా వాదం అసంపూర్ణం. పెద్ద గోదాముల షట్టర్లలో కొన్నిటికి స్ప్రింగు ఉండదు. బరువంతా మోటారూ గొలుసూ బ్రేకే మోస్తాయి. అక్కడ గొలుసు తెగితే తలుపు రాయిలా పడుతుంది. కాబట్టి అక్కడ మరీ ముఖ్యంగా అడగవలసింది మోటారు ఎన్ని కిలోలు ఎత్తుతుందని కాదు. గొలుసు తెగినా తలుపును పట్టి నిలిపే సాధనం ఉందా? ఏడాదికి ఎన్నిసార్లు గొలుసు చూస్తారు?

ఈ ప్రశ్న దుకాణం గడప దగ్గర ఆగిపోదు. కాలువల దేశంలో పుట్టినవాళ్ళం, మనకు షట్టరంటే రెండర్థాలు. లాకుల దగ్గర లస్కరు ఎత్తి దించేదీ షట్టరే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. మూడేళ్ళ ముందు, 2021 ఆగస్టు 5న, పులిచింతలలో 16వ గేటుకూ అదే గతి పట్టింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో, 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారుతూండగా, ప్రకాశం బ్యారేజీ గేట్లను పడవలు గుద్దితే విరిగినవి కౌంటర్ వెయిట్లు. అంటే గేటు బరువును తూచి నిలిపే దిమ్మెలు. మన షట్టరులో స్ప్రింగు చేసే పనే అక్కడ అవి చేస్తాయి. బ్యారేజీలో విరగగొట్టింది పడవలే, నిజం. అయినా ఈ వార్తలన్నిటిలో మనకు పాఠం ఒక్కటే: తలుపును నిలబెట్టేది కంటికి ఆనని గొలుసులూ, తూకపు దిమ్మెలూ, స్ప్రింగులూను. శంకుస్థాపన ఫలకం ఆనకట్టకే గాని గొలుసుకు ఉండదు. గ్రీజు పెట్టినవాడికి శాలువా కప్పిన సభ ఎక్కడైనా జరిగిందా?

కాబట్టి నా ప్రతిపాదనలు నాలుగు. ఒకటి, తూకం పరీక్ష, గోడమీట పరీక్ష చేయించకుండా మోటారు మార్పుకు ఒప్పుకోకండి. రెండు, జబ్బు కనిపెట్టినందుకు మెకానిక్కుకు విడిగా, గౌరవంగా, బేరమాడకుండా కూలి ఇవ్వండి. మూడు, చేతిగొలుసునూ సెన్సారునూ తలుపులో భాగాలుగా లెక్కించండి, నగలుగా కాదు. నాలుగు, స్ప్రింగు జోలికి మాత్రం స్వయంగా వెళ్ళకండి. అందులో దాగిన బిగువు చేతివేళ్ళను లెక్కచేయదు. ఏడాదికి రెండుసార్లు, వర్షాలకు ముందొకసారీ దసరాకు ముందొకసారీ తెలిసినవాణ్ణి పిలిచి చూపించండి. ఆయుధపూజనాడు యంత్రానికి బొట్టు పెట్టే మనకు, ముందురోజు దాని గొలుసు చూడటం భారమా?

కాదంటారా? చెప్పండి, వాదానికి సిద్ధం. కాని తీర్పు చెప్పేముందు, ఒక్కసారి కరెంటు ఆపి, ఆ తలుపును చేత్తో సగం దాకా ఎత్తి చూసి రండి.