వాన వెలసిన మఱునాఁడు

గాలివాన యనఁగనే పాలమూరు, నల్లగొండ మెట్టసీమల జనులు దివిసీమను దలఁచుకొని, సముద్రము మనకు దూరము గదా యని నిశ్చింతగా నుందురు. ఈ నిశ్చింత తగదు. 2024 వ సంవత్సరము మే 26 వ తేదీన నాగర్‌కర్నూలు ప్రాంతమున వీచిన పెనుగాలికి తాడూరు మండలములోని ఇంద్రకల్లునందు గట్టుచున్న కోళ్లపాక గోడ కూలి నలుగురు ప్రాణములు గోల్పోయిరి. ఆ రాత్రియే రేమాల్ తుపాను వంగతీరమును దాఁకుటచే దేశముయొక్క దృష్టి యంతయు నటే యుండెను. మన పల్లెలో జంపినది సముద్రము గాదు, గోడ.

వాన వెలసినతోడనే యాపద తీఱినదనుకొనుట పొరపాటు. నీరు పీల్చిన మట్టిగోడ వానలో నిలిచియు మఱునాఁటి యెండలో గూలవచ్చును. ఉబ్బిన గోడ ప్రక్కను, క్రొత్తగా బీటవాఱిన గోడ ప్రక్కను మంచము వేయరాదు. రేకులు లేవకుండుటకై వానిపై బండరాళ్లు పెట్టుట మనవారి వాడుక. గాలికి రేకు లేచెనా, యా రాయి నిద్రించువారి మీఁదనే పడును. తెగిపడిన కరెంటుతీఁగను గఱ్ఱతోనైనను గదపక 1912 సంఖ్యకు ఫోను చేయవలెను. మురుగు చేరిన బావినీరు కాఁచక త్రాగరాదు. ఇవి యెల్లరు నెఱిఁగినవే.

అయినను వాలిన గోడక్రిందనే మనవారేల పండుకొనుచున్నారు? అధికారి వచ్చి చూచువఱకు గోడను ముట్టినచో సాయము దక్కదేమోయను భయముచేతనే. ఆ సాయమెంత? 2022-26 కాలమునకు గేంద్రప్రభుత్వము నిర్ణయించిన నియమములలో గొంత చెడిన కచ్చాయింటికి 4,000 రూపాయలు. మృతుని కుటుంబమునకు 4 లక్షలు. అనఁగా మనిషి చచ్చిన పిమ్మట నిచ్చుదానిలో నూఱవపాలు, బ్రదికియుండఁగా గోడకు! నాలుగువేలకు గోడ యెత్తు మేస్త్రీ యెచ్చటనున్నాఁడో మాకు జూపింపవలెను.

ప్రాణభయమున్న గోడను ఫోటో తీసి, తేదీ వేసి, ఇరువురు పొరుగువారి చేవ్రాళ్లతో గాగితము తహసీలుదారున కిచ్చి, వెంటనే దింపివేయుఁడని మా సలహా. రెవిన్యూవారు దానినే సాక్ష్యముగా గైకొనునట్లు స్పష్టమైన యుత్తరువు కావలెను. అది వచ్చులోపల గ్రామపాఠశాల తాళము మూఁడు రాత్రులు తీసియుంచుట కెవరి యుత్తరువును నక్కఱలేదు. ఒంటరి ముదుసలి తన బియ్యపుమూటను, మేకను విడిచి కదలదు. వానినిగూడ మోసికొనివచ్చుటకు మన గ్రంథాలయముల యువకులు నలుగురు చాలుదురు.