తీసేసిన ఫంక్షన్‌కీ ఒక బోర్డు ఉండాలి

మొన్న ఓడలరేవు నుంచి అమలాపురం వస్తుంటే బస్సులో పక్క సీట్లో ఓ ఇంజనీరింగ్ కుర్రాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, దాని మీద సీనియర్ ఇచ్చిన ల్యాబ్ రికార్డు. "ఉన్నది ఉన్నట్టే కొట్టానండి, రన్ అవ్వట్లేదండి" అన్నాడు. చూస్తే పీహెచ్‌పీ ప్రోగ్రాం. 'మైఎస్‌క్యూఎల్ కనెక్ట్', పక్కనే 'ఆర్ డై', దాని బ్రాకెట్లలో 'మైఎస్‌క్యూఎల్ ఎర్రర్'. తెర మీద మాత్రం అలాంటి ఫంక్షనే లేదని వస్తోంది. కనెక్ట్ దగ్గరే ఆగిపోయింది. తప్పేమిటో చెప్పాల్సిన ఎర్రర్ ఫంక్షన్ దాకా ప్రోగ్రాం చేరనే లేదు.

ఈ ఫంక్షన్లు ఇక వాడొద్దని 2013లో 5.5 వెర్షన్‌తోనే చెప్పారు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. అప్పటికి ఈ కుర్రాడు ఏ ఐదో తరగతిలోనో ఉండి ఉంటాడు.

తప్పు అతనిది కాదు. పుస్తకంలోంచి నోట్సులోకి, నోట్సులోంచి రికార్డులోకి మనమే దించుకుంటూ వస్తున్నాం. మామూలు ఫంక్షన్ పాతబడితే ఆ పని ఒక్కటే ఆగుతుంది. తప్పును పట్టించే ఫంక్షనే పాతబడితే, తప్పు ఎక్కడుందో తెలిసే దారి మూసుకుపోతుంది. అందుకే నేర్చుకునేవాళ్ల పేజీల్లోంచి ముందు తీయాల్సింది వీటినే అంటాను.

అలాగని ఆనవాలు లేకుండా చెరిపేయకూడదు. రేపు ఉద్యోగంలో ఈ కుర్రాడి చేతికి పదేళ్ల నాటి కోడు రావచ్చు. అందులోని ఫంక్షన్ పేరు వెతికితే ఏమీ దొరక్కపోతే ఎలా? పీహెచ్‌పీ మాన్యువల్ వాళ్లు ఫంక్షన్‌ని తీసేశాక కూడా పాత పేజీ ఉంచారు. పైన హెచ్చరిక పెట్టి, బదులు మైఎస్‌క్యూఎల్‌ఐ గానీ పీడీఓ గానీ వాడమని దారి చూపారు. అదీ పద్ధతి.

సీ ప్లస్ ప్లస్‌లో ఇంకో చిక్కు వచ్చింది. 'అన్‌ఎక్స్‌పెక్టెడ్' అనే ఎర్రర్ ఫంక్షన్‌ని 2017 ప్రమాణంలో తొలగించారు. 2023లో అదే పేరు వేరే అర్థంతో తిరిగొచ్చింది. ఏ ఏడాది పేజీ చదువుతున్నామో తెలియకపోతే రెండూ కలగాపులగం.

ఓడలరేవులోనే ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉంది. గ్యాస్ ప్లాంట్లలో అలారం మోగితే ఏం చేయాలో చెప్పే కాగితం మీద రివిజన్ నంబరు, తేదీ తప్పనిసరి. కొత్తది రాగానే పాతది కంట్రోల్ రూంలో ఉండకూడదు. కోడు నేర్పే కాగితానికి మాత్రం ఆ నియమం ఎందుకు ఉండకూడదు?

ఆ కుర్రాడి రికార్డు అట్ట మీద పేరు, రోల్ నంబరు, సబ్జెక్టు అన్నీ ఉన్నాయి. ఏ వెర్షనో ఎక్కడా లేదు. లెక్చరర్లూ, కాలేజీ తెరిచే ముందు ప్రతి ప్రోగ్రాంనీ ఇప్పటి వెర్షన్ మీద ఒక్కసారి మీరే రన్ చేసి చూడండి. ఆ వెర్షన్ నంబరు రికార్డు మొదటి పేజీలో రాయించండి.