పక్కింటావిడ నాన్నగారి పుస్తకం

మార్చిలో ఒక మధ్యాహ్నం మా పక్కింటావిడ బిస్కెట్ల రేకుడబ్బా పట్టుకుని వచ్చారు. మనిళ్ళలో అలాంటి డబ్బాలో సూదీదారం ఉంటాయి. అందులో మాత్రం చొక్కా జేబులో పట్టేంత పాత పుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద గద్ద, దాని కాళ్ళ కింద స్వస్తిక్. కొత్త కారు కొంటే మనం పసుపుకుంకుమలతో వేసుకునే గుర్తు ఆ గోళ్ళ మధ్య కనబడేసరికి నాకు ముట్టుకోబుద్ధి కాలేదు.

"మా నాన్నది. పిల్లలు అమ్మేద్దామంటున్నారు. అమ్మేముందు ఇందులో ఏముందో నాకు తెలియాలి," అన్నారావిడ. ఎనభై దాటిన మనిషి. జర్మనీలో పుట్టి చిన్నప్పుడే కెనడా వచ్చేశారు. జర్మన్ మాట్లాడతారు కానీ ఆ చేతిరాత ఆవిడకి కొరుకుడు పడలేదు.

దాన్ని జోల్ట్‌బూఖ్ అంటారు, అంటే సిపాయి జీతం పుస్తకం. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రతి జర్మన్ సైనికుడూ దీన్ని ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోవాలి. గుర్తింపు కార్డు కూడా అదే. దీనికి జంటగా వేర్‌పాస్ అనే ఇంకో పుస్తకం ఉండేది. అది దళం ఆఫీసులో ఉండేది, మనిషి చనిపోతే ఇంటికి పంపేవారు. పాతవస్తువులు సేకరించేవాళ్ళు రెండూ కలిసి దొరికితే పండగ చేసుకుంటారు.

అందులోని రాత పేరు జ్యూటర్లిన్. 1941లో మానేసేదాకా అక్కడి బళ్ళలో నేర్పేవారు. అందులో 'ఇ' అక్షరం అచ్చం 'ఎన్' లా ఉంటుంది. నాకు మా తాతయ్య పొలం కాగితాల్లోని గొలుసుకట్టు రాత గుర్తొచ్చింది. అదీ అంతే, ఒక అక్షరం చిక్కితే దాన్ని పట్టుకుని మిగతావి లాగాలి. నేను అక్షరాల పట్టిక ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం చెప్పడం, ఆవిడ మాట కూర్చి అర్థం చెప్పడం. అలా మూడు మధ్యాహ్నాలు, బోలెడు టీ.

ఇలాంటి పుస్తకాల్లో నకిలీలూ, తర్వాత కలిపి రాసినవీ ఎక్కువట. బాల్‌పెన్నుతో రాసి ఉంటే అనుమానించాల్సిందే, యుద్ధకాలపు జర్మన్ సైన్యంలో అవి లేవు. మా అబ్బాయి రాళ్ళు చూసుకునే అతినీలలోహిత టార్చి కూడా వేశాను. యుద్ధం తర్వాత కాగితానికి తెల్లదనం కోసం కలిపిన రసాయనాలైతే నీలంగా మెరుస్తాయి. ఇది మెరవలేదు. బీఎస్సీ ఇన్నాళ్ళకి పనికొచ్చిందని నవ్వుకున్నాను.

ఎత్తు, జుట్టు రంగు, కళ్ళ రంగు, చెప్పుల కొలత, గ్యాస్ మాస్కు సైజు, రక్తం గ్రూపు. మశూచికీ టైఫాయిడ్‌కీ వేసిన టీకాలు. ఇచ్చిన చొక్కాల లెక్క. ఫోటో లేదు, ఫోటో అంటించడం యుద్ధం చివరి ఏళ్ళలోగానీ రాలేదు. "నాన్న కాళ్ళు ఇంత చిన్నవా!" అన్నారావిడ.

చివరి పేజీల్లో సెలవుల పట్టిక ఉంది. ఆఖరి గీతలో, ఆవిడ పుట్టిన మూడు వారాలకి, పద్నాలుగు రోజుల సెలవు. ఊరి పేరు ఆవిడ సొంతూరు. నాన్న తనని మొదటిసారి చూసింది చెర నుంచి తిరిగొచ్చాకే, అప్పటికి తనకి ఐదేళ్ళని ఆవిడ జీవితమంతా నమ్మారు. ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

అప్పుడు అసలు ప్రశ్న బయటికొచ్చింది.

వాళ్ళ నాన్న ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడి ఇక్కడే, ఆల్బర్టాలోని మెడిసిన్ హ్యాట్ శిబిరంలో ఉన్నారు. అక్కడా, లెత్‌బ్రిడ్జ్‌లోనూ ఒక్కోచోట పన్నెండు వేలకు పైగా జర్మన్ ఖైదీలు ఉండేవారు. ముళ్ళకంచె లోపల నాజీలదే పెత్తనం. 1943 జూలైలో ఆగస్ట్ ప్లాషెక్‌నీ, 1944 సెప్టెంబర్లో కార్ల్ లేమన్‌నీ, నాజీలకు వ్యతిరేకులన్న అనుమానంతో తోటి ఖైదీలే చంపేశారు. ఆ నేరాలకి 1946లో లెత్‌బ్రిడ్జ్‌లో ఐదుగురిని ఉరితీశారు.

"ఆ రోజుల్లో మా నాన్న ఎటువైపు నిలబడ్డాడో ఇందులో ఉందా?" అని అడిగారు.

లేదు. సైన్యం ఆయనకి ఏమిచ్చిందో ఆ పుస్తకంలో బొత్తాంతో సహా ఉంది. ఆయన ఎవరికి ఏం చేశారో, ఏం చూసి ఊరుకున్నారో రాయడానికి అందులో గడి లేదు. బిడ్డని ఎత్తుకోవడానికి వెళ్ళిన మనిషి మంచివాడే అయ్యుంటాడని ఒక మాట అనేస్తే ఆవిడకి ఊరటగా ఉండేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంతసేపూ ఒక్కో అక్షరం సరిచూసి చదివి, చివర్లో లేనిది చదవలేకపోయాను. "ఇందులో లేదండీ," అన్నాను. ఆవిడ తలూపారు.

జర్మన్ సైనికుల పాత రికార్డులు 2019 నుంచి అక్కడి జాతీయ ఆర్కైవ్స్, బుండెస్‌ఆర్కీవ్ కింద ఉన్నాయి. కుటుంబసభ్యులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక్కడి శిబిరాల కాగితాలు ఒట్టావాలో, లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఉన్నాయి. ఇద్దరం కూర్చుని రెండుచోట్లకీ రాశాం. జవాబు వచ్చేదాకా అమ్మకం మాటే లేదని పిల్లలకి చెప్పి, డబ్బా మళ్ళీ తీసుకెళ్ళిపోయారు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, తాతయ్య కాగితాలు ఎవరి దగ్గరున్నాయని అడిగాను.

"అటక మీద ట్రంకుపెట్టెలో. ఎందుకే ఇప్పుడు?" అంది.