గుమ్మం దాటని బీరువా

ఆ మధ్య మండీబజార్ సమీపంలోని ఒక ఇరుకు సందులో నికాహ్‌కు రెండు రోజుల ముందు పెళ్ళికూతురి జహేజ్ సామాను దిగింది. మూడు తలుపుల బీరువా, పెద్ద మంచం, డ్రెస్సింగ్ టేబుల్. పెళ్ళికొడుకు ఇల్లు పై అంతస్తులో ఉంది. మెట్ల మలుపు దగ్గర బీరువా ఇరుక్కుపోయింది. నిలబెట్టి చూశారు, వాల్చి చూశారు. నలుగురు హమాలీలలో ఒకరి వేళ్ళు గోడకూ బీరువాకూ మధ్య నలిగి నెత్తురు కారింది. కింద నిలబడిన పెళ్ళికూతురి తండ్రి నా చెవిలో మెల్లగా అన్నాడు: “మౌల్వీసాబ్, దాని అప్పు ఇంకా మొదటి కిస్తీ కూడా కట్టలేదు.”

సోదర సోదరీమణులారా! ఆ బీరువా ఇరుక్కున్నది మెట్ల మలుపులోనా, మన ఆచారంలోనా?

దైవప్రవక్త (స) తమ ముద్దుల కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి)ను అత్తవారింటికి పంపినప్పుడు ఇచ్చిన సామాను ఒక దుప్పటి, ఒక నీటితిత్తి, సువాసన గడ్డి నింపిన ఒక తోలు దిండు అని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆయన నివాసమైన గది ఎంత చిన్నదంటే, రాత్రి నమాజులో సజ్దా చేసేటప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) తమ కాళ్ళు ముడుచుకుంటేనే చోటు దొరికేది. విశాలమైన ఇల్లు అల్లాహ్ అనుగ్రహమే. కానీ ఉన్న చోటును అవసరం లేని వస్తువులతో నింపుకోవడం అనుగ్రహం కాదు. ఇంట్లో అవసరానికి మించిన పరుపు షైతాన్‌దని ఆయన హెచ్చరించారు కూడా.

నిజంగా అవసరమైన వస్తువైతే, కొనకముందే గుమ్మం, మెట్ల మలుపు, గది ఎత్తు కొలుచుకోవాలి. వస్తువు ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, ఐమూల కూడా చూడాలి. 6 అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల లోతు గల బీరువాను పడుకోబెట్టి తెచ్చి లోపల నిలబెట్టాలంటే ఆరున్నర అడుగుల ఎత్తు కావాలి. తలుపులు, అరలు ముందే ఊడదీస్తే బరువు తగ్గుతుంది. సందు మూసుకుపోతుందని పొరుగువారికి ముందే చెప్పి, వారి గోడకు దెబ్బ తగిలితే మనమే బాగుచేయించాలి. దారిలోని అడ్డును తొలగించడం ఈమాన్‌లో భాగమైనప్పుడు, దారికి మనమే అడ్డు పెట్టడం ఏమిటి? బరువు ఎత్తేవాడికి ఒక చేయి అందించడం సదఖా. అతని కూలి చెమట ఆరకముందే ఇవ్వడం ప్రవక్త (స) ఆదేశం. గాయపడితే వైద్యం చేయించడం మన బాధ్యత.

ఆ రోజు చివరకు పెళ్ళికొడుకే కిందికి దిగి వచ్చాడు. హమాలీ చేతికి తన రుమాలు కట్టి, ఆసుపత్రికి పంపాడు. తర్వాత మామగారి చేయి పట్టుకుని, బీరువాను దుకాణానికే తిప్పి పంపమనీ, తన బట్టలకు గోడలోని అర చాలుననీ అన్నాడు. ఆ తండ్రి మాట రాక అతణ్ణి కౌగలించుకున్నాడు.

మన వరంగల్ కొత్తవాడ మగ్గాలపై నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. చుట్టి చంకన పెట్టుకుంటే అవి ఏ గుమ్మంలోనైనా దూరతాయి. పరిస్తే పదిమంది కూర్చుంటారు. ఆడపిల్ల తండ్రి వెన్ను వంచని పెళ్ళి చేసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.